పడమటి ప్లాట్ల కింది మన్ను

ముందే చెబుతున్నాను, నన్ను ఓదార్చకండి. "పోనీలే, ఎవరు చేయని తప్పు" అనే మాట మీ నోటిదాకా వస్తే అక్కడే మింగేయండి. ఆ మాట నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. పనిచేయలేదు.

ఏడేళ్లుగా మోస్తున్నాను దీన్ని. పెద్ద మూటేమీ కాదు. రెండు మాటలు. "నాకు చెప్పలేదు." అంతే. ఒక ఆదివారం పగటిపూట, నలభై ఇళ్లవాళ్ల ముందు, గొంతు వణక్కుండా అన్నాను. అనడానికి ఎంతసేపు పట్టిందని? గుక్కెడు నీళ్లు మింగేంత సేపు కూడా పట్టలేదు. ఆ రెండు మాటలతో ఒక మనిషి కూడు పోయింది, పేరు పోయింది, ఊరు పోయింది. నాకు మాత్రం ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. కాలనీ పేరు కూడా రాయను. ఇప్పటికీ అక్కడ కాపురముంటున్నవాళ్లకు ఇబ్బంది కదా అని కారణం రాద్దామనుకున్నాను. అది సాకు. భయం. భయమని ఒక్క ముక్క రాయడానికి కూడా సాకు మీదుగా తిరిగి రావలసి వచ్చింది చూడండి, ఇదీ నా సంగతి. ఆమె పేరు మాత్రం రాస్తాను. కొమురమ్మ. చాకలామె. నాకంటే పదేళ్లు పెద్దది. నేనెప్పుడూ అక్కా అని పిలవలేదు, "ఏమ్మా" అని కూడా అనలేదు. "ఇగో" అనేవాణ్ణి.

డెబ్బైల నడుమ మాట ఇది. నేను పాలిటెక్నిక్ చదివి బయటపడ్డ కొత్త. కాజీపేటలో పనిచేసే రైల్వేవాళ్లు కొందరు కలిసి ఇళ్ల సొసైటీ పెట్టుకుని, హన్మకొండ దిక్కు చెరువు కింద వరిపొలాలు కొన్నారు. ఆ భూమి రోడ్డుకంటే నాలుగడుగులు పల్లం. వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. బయటినుంచి మన్ను తెచ్చి పోసి, పొరపొరగా పరిచి, తడిపి, రోలర్‌తో తొక్కించి, రోడ్డు మట్టానికి తెస్తేనే ఇళ్లకు ముగ్గు పోసేది. ఆ పని చూసే సూపర్‌వైజర్‌గా నన్ను పెట్టుకున్నారు. మెడలో టేపు, చేతిలో గొడుగు, జేబులో దస్తీ. అబ్బో, ఏం దర్జా! మీసం కూడా అప్పుడే పెంచాను.

మన్నే కదా అంటారు మీరు. మన్నులో మన్నుకు ఎంతో తేడా ఉంది. ఎర్ర మొరమైతే నీళ్లను దించేసి గట్టిపడుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, ఇంటి కిందికి దాన్ని రానివ్వకూడదు. ఇంతవరకు చదువులో చెప్పారు. చవుడు, మా దిక్కు సౌడంటారు, దాని సంగతి చెప్పారో లేదో గుర్తులేదు. చెప్పిన రోజు నేను సినిమాకు పోయి ఉంటాను.

హైదరాబాద్ రోడ్డు పక్కన ఒక గుట్ట నుంచి మొరం తెచ్చేవాళ్లం. మంచి మొరం. తూర్పు సగం దానితోనే నింపాం, ఆ ఇళ్లకు నేటికీ ఏ బాధా లేదు. గుట్ట దగ్గరికి లారీలు పోయే బాట ఒక రైతు చేను మీదుగా ఉండేది. ఎండాకాలమంతా పోనిచ్చాడు. ఆ ఏడు మృగశిర రాకముందే రెండు గట్టి వానలు పడేసరికి అరక కట్టి బాటను దున్నేశాడు. ఆయన చేను, ఆయన దున్నుకున్నాడు. నేను గట్టు మీద నిలబడి ఆయన్ను తిట్టాను. తన పని తాను చేసుకునే మనిషిని తిట్టాను. అప్పటికే నాలో ఏదో చెడి ఉందని ఇప్పుడనిపిస్తుంది.

పడమటి సగం ఇంకా పల్లంగానే ఉంది. సొసైటీ ప్రెసిడెంటు ఒక రిటైర్డ్ గార్డు, అందరూ గార్డు సాబ్ అనేవాళ్లు. రైలు బయల్దేరే టైము అడిగినట్టు ఎప్పుడు పూర్తవుతుందని అడిగాడు. "రెండు వారాలల్ల అప్పజెప్త సాబ్" అన్నాను. ఎవరూ బలవంతం పెట్టలేదు. నెల రోజులు పడుతుందంటే ఆయన సరేననేవాడు కూడా. ఛాతీ విరుచుకుని అన్న మాట అది. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఇదంతా చేశాను. లంచం కోసం చేశాననుకుంటున్నారా? ఒక్క పైసా తినలేదు. తిని ఉంటే కనీసం ఎందుకు చేశానో చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది.

రెండు మైళ్ల దూరంలో వాగు ఒడ్డున సర్కారు బంజరు ఒకటి కనబడింది. తెల్లగా మెరుస్తున్న నేల. గడ్డిపోచ కూడా లేదు. చేను లేదు కాబట్టి అడ్డం వచ్చే రైతు లేడు. లారీ నేరుగా పోతుంది. ఎండిన మన్ను, తొక్కితే చక్కగా కూర్చుంటుంది. తెల్లగా ఎందుకుంది? సున్నం కాబట్టి. సున్నపు మన్ను అయితే ఇంకా మంచిది, గోడకు సున్నం ఎంత బలమో నేలకూ అంతే బలం. ఇదీ నా తెలివి. కూలీలను దింపి తవ్వకం మొదలుపెట్టించాను. నా అంత ఉపాయం ఇంకెవరికి తోచేదని లోలోపల మురిసిపోయాను.

అదే బంజరులో కొందరు ఆడవాళ్లు నేల మీది తెల్లటి పొరను చిప్పలతో గీకి తట్టల్లోకి ఎత్తుకుంటున్నారు. ఎందుకు గీకుతున్నారని నేను అడగలేదు. బీదవాళ్లు ఏదో ఒకటి ఏరుకుంటారులే అనుకున్నాను. రెండోనాడు మధ్యాహ్నం వాళ్లలో ఒకామె లారీ దగ్గరికి వచ్చింది. ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి. మరిచిపోవాలని చాలా కష్టపడ్డాను.

"సారూ, ఈ మన్ను ఏడికి తీస్కపోతాన్రు?"

"కాలనీకి. ఇండ్ల కింద పోస్తానం."

"ఇండ్ల కిందికా?" ఆమె తట్ట దించింది. "వద్దు సారూ. ఇది సౌడు. ఇండ్ల కింద పోస్తే గోడలు తింటది. బాయిలకు దిగిందంటే ఆ నీళ్లు నోట్లె పెట్టరాదు."

"సున్నపు మన్నిది. గట్టిపడ్తది. నీకేం తెలుసు?"

"సున్నం గాదు సారూ. పుట్టినకాన్నుంచి దీంతోటే బట్టలుతుకుతానం, నాకెరుక లేదా? జర నీ దస్తీ ఇటియ్యి."

ఎందుకిచ్చానో తెలియదు. ఇచ్చాను. లారీ బోనెట్ తుడిచి తుడిచి నూనె మరకలతో నల్లబడ్డ దస్తీ అది. కూలీలు తాగడానికి తెచ్చుకున్న డబ్బాలో నీళ్లు పోసి, పిడికెడు మన్ను కలిపి, తేరనిచ్చి, ఆ తేట నీళ్లలో దస్తీని ముంచి నాలుగుసార్లు పిసికింది. సబ్బు లేదు, సోడా లేదు. పిండి నా చేతిలో పెట్టింది. తెల్లగా ఉంది. నా వేళ్లు జారుతున్నాయి.

"చూసినవా? మురికిని తిన్నది గోడను తినదా సారూ?"

కూలీలు చూస్తున్నారు. లారీ డ్రైవరు బీడీ కాలుస్తూ నవ్వుతున్నాడు. ఆమె మీద కాదేమో ఆ నవ్వు, నా మీదేమో. "పో, పోయి నీ పని చూస్కో" అన్నాను.

"పోత గని, మాకు జర ఇడిసిపెట్టున్రి సారూ. పదిండ్లోల్లం దీని మీదనే బతుకుతానం."

వదిలిపెట్టలేదు. మొత్తం తవ్వించాను. పదిహేను రోజుల్లో ఆ బంజరు గుంటై వాన నీళ్లతో నిండింది. ఇక్కడ తెలియక చేశానని రాసుకోవచ్చు. ఏళ్ల తరబడి మనసులో అట్లాగే రాసుకున్నాను. కానీ తెలియక చేసినవాడు పైన మొరం ఎందుకు కప్పుతాడు? తూర్పు దిక్కు కుప్ప పోసి ఉంచిన మొరాన్ని తెప్పించి, ఆ తెల్లటి మన్ను మీద ఒక అడుగు మందాన పరిపించాను. గార్డు సాబ్ వచ్చి చెప్పుకాలితో తన్ని చూసి, ఎర్రగా గట్టిగా ఉందని, నా భుజం తట్టి పోయాడు. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలుసు కాబట్టే కప్పాను.

ఇళ్లు లేచాయి. రైల్వేవాళ్లు రాత్రింబవళ్లు డ్యూటీలు చేసి కూడబెట్టుకున్న దానితో కట్టుకున్న చిన్న చిన్న ఇళ్లు. ముందర నాలుగు మల్లెచెట్లు, పక్కన ఒక జామ. పొలాల కాలపు మోటబావి ఒకటి పడమటి మూలన ఉండేది, దాన్నే పూడిక తీయించి కాలనీ బావి చేశారు. సొసైటీ నన్ను తీసేయలేదు, రోడ్లు, మురుగు మోరీలు చూసుకోమని ఉంచుకుంది. నేను పెళ్లి చేసుకుని ఆ కాలనీలోనే అద్దెకు దిగాను. మా ఆవిడ బడిలో టీచరు.

రెండో ఏడు కొమురమ్మ తన పెనిమిటి ఎల్లయ్యతో కలిసి కాలనీకి బట్టలకు వచ్చింది. బంజరులో సౌడు లేకుండా పోయింది కదా, వాళ్ల పదిళ్లవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. వీళ్లిద్దరూ కొట్లో బట్టల సోడా కొనుక్కుని, బావి పక్కనున్న తొట్టి దగ్గర ఉతికేవాళ్లు. మా ఇంటి గుమ్మంలో నన్ను చూడగానే గుర్తుపట్టింది. కాళ్ల కింది నేల వంక ఒకసారి చూసింది, నా వంక ఒకసారి చూసింది. మూట కట్టుకుని పోయింది. నాలుగేళ్లపాటు మా బట్టలు ఉతికింది, ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను దాన్ని ఏమనుకున్నానో తెలుసా? మరిచిపోయింది, బతికిపోయాను అనుకున్నాను.

తర్వాత గోడలు మొదలుపెట్టాయి. పడమటి ఇళ్లలో మోకాలి ఎత్తుదాకా తెల్లటి బూజు లాంటిది పూసేది. చీపురుతో దులిపితే రాలేది, వారానికి మళ్లీ పూసేది. సిమెంటు పెచ్చులు ఊడి పడేవి. మల్లెచెట్లు మాడిపోయాయి. ఆఖరికి బావి. బియ్యం వండితే అన్నం పచ్చబడేది, పసుపు వేసినట్టు. స్నానం చేస్తే ఎన్ని చెంబులు పోసుకున్నా ఒళ్లు జిగట వదిలేది కాదు. తల్లులు పసిపిల్లలకు నీళ్లు పోయాలంటే ఎక్కడెక్కడినుంచో బిందెలు మోసుకొచ్చేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి దాటేసి ముందుకు పోబోయాను. ఆగాను. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకునే కథలో కూడా దాన్ని దాటేస్తూ వచ్చాను.

నీళ్లు ఎందుకిట్లా అయ్యాయని అందరూ నన్నే అడిగేవాళ్లు. సూపర్‌వైజర్‌ని కదా. ఒకరోజు గార్డు సాబ్ ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుని అడిగారు. అప్పుడు నేనన్నాను, "బాయికాడ సోడా గిట్ల ఎక్కువ వాడుతాన్రేమో" అని. అంతే అన్నాను. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఏముంది? బావి దగ్గర సోడా వాడేది ఇద్దరే మనుషులు. ఆ మాటను గాలికి వదిలి, చాయ్ తాగి, ఇంటికొచ్చాను. వారం తిరిగేసరికి అది కాలనీ అంతటి మాట అయిపోయింది. అంటే ఆదివారం నాడు నేను చెప్పింది మొదటి అబద్ధం కాదు. మొదటిది అరుగు మీద చెప్పాను. సభ పెట్టించిందే నేను.

ఇది రాస్తుంటే నా మీద నాకు ఎంత మంట పుడుతుందంటే, ఈ కాగితం చింపేయాలని ఉంది. చింపను. చింపితే మళ్లీ నాకే మేలు.

ఒకసారి ఆలోచించండి. ఆమె సౌడును నేను తవ్వుకుపోయాను. సౌడు లేదు కాబట్టి ఆమె సోడా కొనుక్కుంది. సోడా కొనుక్కుంది కాబట్టి బావిని చెడగొట్టిన దోషం ఆమెదైంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టని మనవాళ్లు నవ్వుతూ అంటారు. ఇక్కడ ఉరుమేమీ లేదు. మంగలం మీద పడేట్టు నేనే చూసి పడేశాను.

ఆదివారం సభ పెట్టారు. మాది క్రైస్తవ కుటుంబం. పొద్దున ఆరాధనకు పోయి నేరుగా సభకు వచ్చాను. గుడిలో వారం వారం అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం, ఒకే గొంతుతో, కళ్లు మూసుకుని. అందరితో కలిసి ఒప్పుకోవడం ఎంత సుఖమో మీకు చెప్పలేను. ఎవరి పాపం ఏమిటో ఎవరూ అడగరు. ఆ రోజూ ఒప్పుకున్నాను. ఒంటి మీద తెల్ల చొక్కా. ఎవరు ఉతికారో వేరే చెప్పాలా?

షామియానా కింద కుర్చీలు వేశారు. కొమురమ్మ, ఎల్లయ్య నీడలోకి రాలేదు, ఎవరూ రమ్మననూ లేదు. ఎండలో నిలబడ్డారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. మీ సోడాతోనే నీళ్లు ఖరాబైనయ్ అన్నారు. ఎల్లయ్య తల వంచుకుని నిలబడ్డాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె మాత్రం తల వంచలేదు.

"నా సోడా గాదు సారూ. తొట్టి నీళ్లు మోరిల వోతయ్ గని బాయిల పడయి. ఈ ఇండ్ల కింద సౌడు మన్నున్నది. ఆ మన్ను తవ్వేనాడే నేను చెప్పిన, దస్తీ ఉతికి సూపెట్టిన. అగో, ఆ సారును అడుగున్రి."

నలభై ఇళ్లవాళ్ల ముఖాలు నా వైపు తిరిగాయి. గార్డు సాబ్ అడిగాడు, "ఏమయ్యా, నీకు చెప్పిందా?"

ఆ క్షణంలో నాలో ఏముంది? భయం ఉందా? ఉంది. ఇళ్లు పాడైనవాళ్లు నన్ను బతకనిస్తారా అన్న భయం. ఉద్యోగం పోతుందన్న భయం. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. దాన్ని కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. డిప్లొమా చదివినవాడికి ఒక చాకలామె పాఠం చెప్పిందని నలుగురిలో ఒప్పుకోలేకపోయాను. అంత చిన్న సంగతి. నేను ఒక ఘోరమైన కారణం కోసం వెతికాను, దొరకలేదు. దొరికింది ఈ సిగ్గే.

"నాకు చెప్పలేదు," అన్నాను. అంతటితో ఆగలేదు. "ఈమెను కాలనీకి వచ్చినంకనే చూసిన."

వెనక వరసలో ఎవరో "దస్తీ ఉతికి సూపెట్టిందట!" అన్నారు. నవ్వారు. కుర్చీలు కదిలేంత నవ్వారు. నేను కూడా పెదవులు సాగదీశాను, నవ్వు రాలేదు గానీ నవ్వుతున్నట్టు కనబడాలి కదా.

ఆమె నవ్వులు ఆగేదాకా ఉండి నాతో ఒక్క మాటంది. "చర్చి కాడికెల్లే వస్తానవ్ గద సారూ." శాపనార్థాలు పెట్టలేదు. మన్ను ఎత్తి పోయలేదు. పెనిమిటి భుజం మీద చెయ్యేసి తీసుకుపోయింది.

తీర్మానం రాసింది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నా చేత రాయించారు. చాకలివాళ్లు బావి ఛాయలకు రాకూడదని, కాలనీవాళ్లెవరూ వాళ్లకు బట్టలు వేయకూడదని. బోర్డు మీద అంటించాను. రెండు రోజుల తర్వాత ఆమె అప్పటికే తీసుకుపోయి ఉన్న బట్టలన్నీ ఎక్కడో వాగులో ఉతికి, ఇస్త్రీ చేసి, ఏ ఇంటి మూట ఆ ఇంటికి అప్పజెప్పింది. మా మూట మా ఆవిడకిచ్చింది. నేను లోపలి గదిలో ఉన్నాను. బయటికి రాలేదు.

పక్క కాలనీల్లో అడిగితే ఎవరూ బట్టలు వేయలేదట. బావిని ఖరాబ్ చేసిన చాకలామె అన్న పేరు ఆమెకంటే ముందే పోయి గుమ్మాల్లో కూర్చుంది. ఎల్లయ్య గ్రెయిన్ మార్కెట్‌లో హమాలీకి పోయాడు. ఇస్త్రీ పెట్టె పట్టిన చేతులు, బస్తాలకు ఏం పనికొస్తాయి? నడుము విరిగింది. ఊరు వదిలి పోయారని విన్నాను. విని, అయ్యో అనలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఇది కూడా రాయాలి కదా.

ఇక కాలనీవాళ్ల సంగతి. వాళ్ల మీద నాకు కోపం రావడానికి హక్కు లేదు. అయినా వస్తుంది, ఏం చేయను? ఆమె పోయింది. తొట్టి ఎండిపోయింది. మరి బావి బాగవ్వాలి కదా? అవలేదు. మరుసటి ఏడు కూడా అన్నం పచ్చగానే ఉడికింది, గోడలు పూస్తూనే ఉన్నాయి. చదువుకున్నవాళ్లు, సిగ్నళ్లు చూసేవాళ్లు, ఇంజన్లు నడిపేవాళ్లు, నిమిషం తేడా వస్తే ఎందుకొచ్చిందని కాగితాలు రాసేవాళ్లు. ఒక్కడంటే ఒక్కడు, చాకలామె పోయినా నీళ్లెందుకు మారలేదని అడిగాడా? అడగలేదు. ఇంకో ఏడాదికి మున్సిపాలిటీ నల్లాలు వచ్చాయి. బావి మీద రేకు మూత వేశారు. నీళ్ల గొడవ అందరూ మరిచిపోయారు. ఆమె పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ కొత్త చాకలి ఎవరైనా వస్తే, "ఇదివరకు ఒకామె ఉండె, బాయంత ఖరాబ్ జేసింది" అని చెప్పి మరీ బట్టలు వేస్తారు.

ఈ ఎండాకాలం కాజీపేట స్టేషన్లో ఆమెను చూశాను. మా ఆవిడ తమ్ముడి ఊరికి పోవడానికి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. జుట్టంతా నెరిసి, చేతిలో ఒక సంచితో, ప్యాసింజర్ కోసం కూర్చుని ఉంది. నేను చూపు తిప్పుకున్నాను. మా ఆవిడ గుర్తుపట్టి దగ్గరికి పోయింది. రఘునాథపల్లి దగ్గర బిడ్డ ఇంట్లో ఉంటున్నదట, నాట్లకు కలుపులకు పోతున్నదట. ఎల్లయ్య పోయి మూడేళ్లైందట. మా పిల్లలు ఎంత పెద్దోళ్లయ్యారని కొమురమ్మ అడిగింది. చివరికి అడిగింది, "అమ్మా, బాయిల నీళ్లిప్పుడు మంచిగైనయా?"

"లేదు కొమురమ్మా. అట్లనే ఉన్నయ్. రేకు మూత ఏసిన్రు."

ఆమె తల ఊపింది. నా వైపు చూడలేదు. నేను అక్కడ ఉన్నానని ఆమెకు తెలుసు, అయినా చూడలేదు. బండి వచ్చింది, ఎక్కి పోయింది.

మా బండిలో కూర్చున్నాక మా ఆవిడ సంచి సీటు కిందికి తోసింది. తర్వాత అడిగింది, ఆమె పోయినంక కూడా నీళ్లు మారలేదంటే మరి ఎవరు చేసినట్టని. ఏడేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మా ఆవిడ. నేను నిద్ర వస్తున్నట్టు కళ్లు మూసుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. అడగకుండా నన్ను చూస్తుంది, అన్నం వడ్డిస్తూ, చాయ్ ఇస్తూ. తెలిసిపోయిందేమో. తెలిస్తే ఎందుకు ఊరుకుంది? నేను చెప్పేదాకా ఆగిందా?

అందుకే రాస్తున్నాను. రాసినందువల్ల ఏమవుతుంది? ఎల్లయ్య లేవడు. ఆమె మోకాళ్ల లోతు బురదలో నాట్లు వేయడం ఆగదు. పోయి ఆమె కాళ్ల మీద పడదామనుకున్నాను. పడితే ఆమె "పోనియ్యి సారూ" అంటుంది. ఆ మాట వినడానికేనా నేను పోయేది? అంత చౌకగా కొనుక్కుందామనా? ఆమెకు కావలసింది నా ఏడుపు కాదు. ఆ షామియానా కింద కూర్చున్నవాళ్లు నిజం వినాలి. ఈ కాగితం రేపు మా ఆవిడ చేతిలో పెడతాను. ముందు ఆమె చదవాలి. తర్వాత, నాకు కాళ్లు ఆడితే, తీర్మానం అంటించిన ఆ బోర్డు మీదే అంటిస్తాను. అంటిస్తానని ప్రమాణం చేయను. నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు.

గుండె తేలికైందా అంటే, కాలేదు. గార్డు సాబ్ నన్ను అడిగిన దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన కాలం చేసి రెండేళ్లయింది, అయినా చెబుతున్నాను.

చెప్పింది సాబ్. మన్ను తవ్వేనాడే చెప్పింది. నేను విన్నాను.